గాలి పట్టిన చెమట: రైలు బ్రేకుల చరిత్ర

వానకాలపు మధ్యాహ్నము చల్లని నీరు నింపిన ఇత్తడి చెంబు నొకదానిని బల్లమీద నుంచి కొంతసేపు గమనింపుడు. చెంబు వెలుపల సన్నని నీటిబొట్లు పుట్టి, ఒకదానితో నొకటి కలిసి క్రిందికి జారును. చెంబు కారుట లేదు. ఆ నీరు మన చుట్టునున్న గాలిలోనిది. కంటికి కనబడని ఆవిరిగా నుండి, చల్లని లోహము తగులగానే నీరై బయటపడినది. ప్రతి యింటను చూచెడి ఈ సంగతి, మనము రైలెక్కినది మొదలు గమ్యము చేరు వరకు మన క్షేమముతో ముడివడి యున్నదనిన శ్రోతలలో ననేకులకు వింతగా తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది.

కొంతకాలము క్రిందట మేమొక ఇంజనుల షెడ్డు చూడబోయితిమి. అచ్చటి పెద్ద మేస్త్రీ ఇంజను ప్రక్కన వంగి, అడుగుభాగమున వ్రేలాడుచున్న పెద్ద ఇనుప పీపా క్రింది చిన్న కుళాయిని త్రిప్పెను. బుస్సుమని గాలి వచ్చెను. దానితోపాటు తుప్పురంగు నీరు నేలపై చిమ్మెను. నీళ్లట్యాంకు కారుచున్నదా యని అడిగితిమి. ఆయన నవ్వి, "నీళ్లట్యాంకు కాదయ్యా, గాలిట్యాంకు. ఇది గాలి పట్టిన చెమట. తుడవకుంటే బండి మాట వినదు" అనెను. ఆ మాటయే మమ్ము ఈ చరిత్ర వెదకుటకు పురికొల్పినది.

రైలును నడపుటకంటె ఆపుట కష్టమని తొలినాటి ఇంజనీర్లు త్వరలోనే గ్రహించిరి. ఇంజనుమీద నొక బ్రేకు, చివరి గార్డుపెట్టెలో నొక బ్రేకు, రెండును చేతితో త్రిప్పెడివి. నడుమనున్న పెట్టెలు తమ బరువుతో తాము ముందుకు తోసికొని వచ్చెడివి. ఇంజను డ్రైవరు ఈల వేసి గార్డును హెచ్చరింపవలెను, గార్డు చక్రము త్రిప్పవలెను, ఆ లోపల బండి చాల దూరము సాగిపోయెడిది. ప్రతి పెట్టెకును బ్రేకుండి, అవి యన్నియు ఒక్క చేతి క్రింద నుండవలెనను కోరిక అట్లు పుట్టినది.

ఆ కోరికను తీర్చినవాడు అమెరికా దేశపు జార్జి వెస్టింగ్‌హౌస్. ఆల్ప్స్ పర్వతములలో మాంట్ సెనీ సొరంగమును ఒత్తిన గాలితో నడచు డ్రిల్లులచేత తొలుచుచున్న వార్తను పత్రికలో చదివి, అంత దూరము గొట్టములలో పోయి రాతిని తొలువగల గాలి రైలుచక్రమును పట్టలేదా యని ఆయన యోచించెనని చెప్పుదురు. 1869లో ఆయన తన తొలి గాలిబ్రేకునకు పేటెంటు పొందెను. ఇంజనుమీది పంపు గాలిని ఒత్తి ట్యాంకులో నింపును. డ్రైవరు పిడి త్రిప్పగనే ఆ గాలి బండి పొడవునను గొట్టముగుండ పోయి, ప్రతి పెట్టె క్రిందను బ్రేకు దిమ్మెలను చక్రములకు అదిమివేయును.

కాని ఆ తొలి ఏర్పాటులో నొక లోపముండెను. నడుమ గొట్టము తెగినచో, పెట్టెలు విడిపోయినచో, గాలి పోవును. గాలితోపాటు బ్రేకును పోవును. బ్రేకు మిక్కిలి యవసరమగు క్షణమందే అది చేతికి రాదన్నమాట. వెస్టింగ్‌హౌస్ 1872లో ఆ లోపమును తలక్రిందులు చేసెను. ప్రతి పెట్టె క్రిందను చిన్న గాలిట్యాంకు నొకదానిని, మూడు పనులు చేయు కవాటమును అమర్చెను. గొట్టములో గాలి నిండియున్నంతవరకు బ్రేకులు వదలియుండును. గొట్టములో ఒత్తిడి తగ్గెనా, ఆ కవాటము దానిని పసికట్టి, ప్రక్కట్యాంకులోని గాలిని బ్రేకు సిలిండరులోనికి వదలును. డ్రైవరు తగ్గించినను, గొట్టము తెగినను ఫలితమొక్కటే: బండి ఆగును.

ఇది యెంతటి మార్పో లోకము తెలిసికొనుటకు ఒక ఘోరము జరుగవలసివచ్చినది. 1889 జూన్ 12వ తేదీన ఐర్లండులోని ఆర్మా నగరమునుండి ఆదివారపు బడిపిల్లలతో నిండిన విహారపు రైలు బయలుదేరెను. ఎక్కుడు దారిలో ఇంజను ఈడ్వలేక నిలిచిపోయెను. సిబ్బంది బండిని రెండు భాగములు చేసి ముందటి భాగమును తీసికొనిపోదలచిరి. ఆ బండికి వాక్యూము బ్రేకుండెను గాని, విడిపోయినపుడు తనంత తాను పట్టునది కాదు. విప్పిన మరుక్షణము వెనుక పెట్టెలకు గార్డు చేతిబ్రేకు ఒక్కటే దిక్కైనది. అవి వాలున వెనుకకు జారి, వెనుక వచ్చుచున్న రైలును ఢీకొన్నవి. దాదాపు 80 మంది మరణించిరి. వారిలో పిల్లలును అనేకులుండిరి. ఆ ఏడే బ్రిటిషు పార్లమెంటు, ప్రయాణికుల బండ్లన్నిటికిని తమంత తాము పట్టు బ్రేకులు పెట్టి తీరవలెనని శాసించెను. అమెరికాయు 1893లో అట్టి చట్టమును చేసెను.

ఐతే తమంత తాము పట్టు బ్రేకులలో రెండు కులములుండెను. ఒకటి వెస్టింగ్‌హౌస్ గాలిబ్రేకు. రెండవది, విడిపోయిన వెంటనే పట్టునట్లు దిద్దిన వాక్యూము బ్రేకు. ఇంగ్లండులో 1875లో న్యూఆర్క్ వద్ద పలువిధముల బ్రేకులను పోటీకి పెట్టి పరీక్షించిరి. గాలిబ్రేకు త్వరగా పట్టునని తేలెను. ఐనను బ్రిటిషు కంపెనీలు పెక్కు వాక్యూమునే వరించినవి. దానికి పంపు అక్కరలేదు. ఇంజనులోని ఆవిరిని సన్నని నోటిగుండ జోరుగా చిమ్మించినచో, అది గొట్టములోని గాలిని తనతో లాగికొని పోవును. చవుక, సులభము, కదలెడి భాగములు తక్కువ. ఇంగ్లండు నడచిన త్రోవనే భారతదేశపు రైల్వేలును నడచినవి.

ఇక మన సికిందరాబాదు సంగతి. వాడి నుండి ఇచ్చటికి నిజాము రైలుమార్గము 1874లో తెరవబడినది. తరువాత అది వరంగల్లు మీదుగ సాగి 1889లో బెజవాడ చేరినది. లాలాగూడలో పెట్టెల కర్మాగారము 1893లో వెలసినది. ఆవిరియుగ మంతయు ఈ దక్కను మార్గములలో వాక్యూము బ్రేకుదే రాజ్యము. మన పెద్దలు ప్రయాణము చేసిన బండ్లు ఆగుచున్నపుడు పెట్టెల క్రింద వినవచ్చెడి దీర్ఘ నిశ్వాసము, ఖాళీయైన గొట్టములోనికి బయటిగాలి తిరిగి ప్రవేశించెడి చప్పుడే.

ఇచ్చట నొక విశేషమును గమనింపవలెను. వాక్యూము బ్రేకునకు గాలిలోని తేమతో పేచీ బహు స్వల్పము. కారణము సులభము. గాలిని పలుచన చేసినచో దానిలోని ఆవిరియు పలుచనగును. ఒక గదిలోని గాలిని రెండు గదులకు పంచినట్లు, తేమ చెదరిపోవునే కాని ఒకచోట చేరి నీరు కాదు. ఇంజను దగ్గర ఆవిరి వెనుకకు చేరి నిలుచు కొద్దిపాటి నీటికి చిన్న పాత్ర నొకదానిని తగిలించెడివారు; అంతకుమించి చింత లేదు. కనుక మన రైల్వేవారు మూడు నాలుగు తరములపాటు రైలుగొట్టములో నీటిని గూర్చి పెద్దగా తలంపవలసిన యవసరము లేకపోయినది.

కాని ప్రకృతి వాక్యూము బ్రేకునకు ఒక హద్దు గీచినది. దానిని నడపు బలము మన నెత్తిమీది వాతావరణపు బరువే. సముద్రతీరమున అది 76 సెంటీమీటర్ల పాదరసమునకు సమానము. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన నున్న సికిందరాబాదులో సుమారు 71 మాత్రమే. ఆచరణలో గొట్టములో 53 సెంటీమీటర్ల వాక్యూమును నిలుపుటయే నియమము. అనగా పిస్టనుమీద చదరపు సెంటీమీటరునకు ముప్పావు కిలో బలమైనను లభింపదు. గాలిబ్రేకు సిలిండరులోనో, ఆ బలము 3.8 కిలోల వరకు ఉండును. బండి పొడవైనకొలది తోకవైపు వాక్యూము నిలుచుట కష్టము. బ్రేకు తలనుండి తోకకు చేరుటయు ఆలస్యము. అమెరికాలో బర్లింగ్టన్ వద్ద 1886, 1887 సంవత్సరములలో 50 పెట్టెల గూడ్సుబండ్లతో జరిగిన పరీక్షల తరువాత, పొడవైన బరువుబండ్లకు గాలిబ్రేకే శరణ్యమని ఆ దేశము నిశ్చయించుకొనెను.

మన దేశమున ఆ నిశ్చయము ఆలస్యముగ వచ్చినది. నడుమ నొక చిత్రమైన సంధికాలము గడచినది. 1962లో అమెరికానుండి వచ్చి, 1964 మొదలు వారణాసిలో తయారైన డబ్ల్యూ.డి.ఎం.-2 డీజిలు ఇంజనులలో 'ఎక్స్‌ప్రెసరు' అను జంటయంత్ర ముండెడిది. ఒకే యంత్రములో కొన్ని సిలిండర్లు బండి గొట్టములోని గాలిని లాగివేసెడివి. మరికొన్ని బయటిగాలిని ఒత్తి ట్యాంకు నింపెడివి. బండికి వాక్యూము, ఇంజనునకు ఒత్తిన గాలి. రెండు కులములును ఒక కప్పు క్రింద కాపురము చేసినవన్నమాట. 1966 అక్టోబరు 2వ తేదీన సికిందరాబాదు కేంద్రముగ దక్షిణమధ్య రైల్వే ఏర్పడిన నాటికి పరిస్థితి ఇది. 1980ల మొదట్లో బరువైన బొగ్గు, ఖనిజములు మోయు బాక్స్-ఎన్ వ్యాగనులతో గాలిబ్రేకు గూడ్సుబండ్లలోనికి వచ్చెను; ఆ తరువాతి దశాబ్దములలో ప్రయాణికుల పెట్టెలకును వ్యాపించెను. ప్రధాన మార్గములనుండి వాక్యూము సెలవు తీసికొనెను. ఒత్తిన గాలి వచ్చెను. దానితో నీరును వచ్చెను.

ఎంత నీరు? ఈ లెక్కను శ్రోతలు తామే వేసికొనవచ్చును. ఒక ఘనపుమీటరు చోటు 10 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 9 గ్రాముల ఆవిరిని, 20 వద్ద 17 గ్రాములను, 30 వద్ద 30 గ్రాములను, 40 వద్ద 51 గ్రాములను ఇముడ్చుకొనగలదు. అంతకుమించినది నీరై తీరవలెను. శ్రావణమాసపు దినమున 30 డిగ్రీల వేడిమియు, నూటికి 75 పాళ్ల తేమయు ఉన్నవనుకొందము. అప్పుడు ఘనపుమీటరు గాలిలో సుమారు 23 గ్రాముల ఆవిరి యుండును. ఇంజను ఆ గాలిని తొమ్మిదింట ఒక వంతు చోటికి అదుమును. చోటు తగ్గినది, ఆవిరి తగ్గలేదు. ఒత్తినపుడు పుట్టిన వేడి చల్లారి మరల 30 డిగ్రీలకు వచ్చినపుడు, ఆ చిన్నచోట మూడు గ్రాములకు కొంచెము పైగా మాత్రమే ఆవిరిగా నుండగలదు. మిగిలిన 19 గ్రాములకు పైబడినది నీరగును. నిమిషమునకు ఒక ఘనపుమీటరు గాలిని పీల్చు కంప్రెసరు ఒక గంట నడచినచో లీటరునకు మించిన నీరు, అనగా ఒక చెంబెడు, చేరును. మన చెంబు వెలుపల పట్టిన చెమటకును, ఇంజను కడుపులో పట్టిన చెమటకును భేదము కొలతలోనే.

ఆ నీరు ఏమి చేయును? శీతలదేశములలో అది గొట్టములో గడ్డకట్టి గాలికి అడ్డుపడును. అందుచేత అచ్చటివారు చలికాలమున గొట్టములలో ఆల్కహాలు పోయుటయు కలదు. మనకు మంచుగడ్డ భయము లేదు గాని, తుప్పు భయము కలదు. ఇనుపగొట్టపు లోపలిభాగము తుప్పుపట్టి పొరలు పొరలుగ రాలును. ఆ పొడి, కంప్రెసరునుండి వచ్చిన నూనె, నీరు కలిసి పాలవలె తెల్లని జిగట ముద్దయగును. అది పోయి చేరునది ప్రతి పెట్టె క్రిందను కావలికాయు కవాటములోనికే. మనవారు దానిని డిస్ట్రిబ్యూటరు వాల్వు అందురు. గొట్టములో కొద్దిపాటి ఒత్తిడి మార్పును పసికట్టవలసిన ఆ కవాటములో రంధ్రములు సూదిబెజ్జములంత సన్ననివి. వానిలో నొకటి మూసికొన్నచో, బ్రేకు పట్టుట ఆలస్యము కావచ్చును. లేక పట్టిన బ్రేకు వదలకపోవచ్చును. వదలని బ్రేకుతో ఈడ్వబడిన చక్రము వేడెక్కును, పట్టాపై రాచుకొని ఒకవైపు చదునగును. ఆర్మాలో పిల్లలను బలిగొన్నది బ్రేకు లేకపోవుట. ఉన్న బ్రేకు మాట వినకపోవుటయు దానికి దవ్వు కాదు.

కనుక నీటిని బండిలోనికి పోనీయక ఇంజనువద్దనే పట్టివేయుట ఈ శాస్త్రమునకు మూలసూత్రము. వేడిగాలిలో ఆవిరి దాగియుండును, చల్లార్చిననే బయటపడును. అందుచే కంప్రెసరునుండి వచ్చు గాలిని ముందుగ పొడవైన గొట్టపుచుట్టలలో త్రిప్పి చల్లార్చెదరు. తరువాత అది ట్యాంకులలో నిలుచును. అచ్చట నీరు అడుగునకు దిగును. క్రింది కుళాయి దానిని వెలికి పంపును. ఈ వరుస తప్పరాదు. చల్లార్చకమునుపే గాలిని బండికి పంపినచో, అది పెట్టెల క్రింద, ఎవరి కంటను పడని చోట చల్లారి, అచ్చటనే నీరు విడుచును.

ఇంకొక ఉపాయము మొదటి నుండియు ఈ ఏర్పాటులోనే యున్నది. ట్యాంకులో గాలి చదరపు సెంటీమీటరునకు 8 కిలోలు, అంతకు పైబడిన ఒత్తిడిలో నుండును. బ్రేకుగొట్టమునకు దానిని 5 కిలోలకు తగ్గించి పంపెదరు. ఒత్తిడి తగ్గి గాలి విప్పారినపుడు తేమయు మూడింట రెండువంతులకు పలుచనగును. ఎక్కువ ఒత్తిడిలో నీటిని పిండి, తక్కువ ఒత్తిడిలో వాడుకొనుట యన్నమాట. ఐతే మన దక్కను పీఠభూమి దీనిని పూర్తిగ సాగనీయదు. మార్గశిర పుష్యములలో ఇంజను ట్యాంకు 35 డిగ్రీలలో నుండగా నింపిన గాలి, తెల్లవారునప్పటికి 13 డిగ్రీలకు చల్లారిన గొట్టములో నిలిచియుండవచ్చును. మొదట ఘనపుమీటరునకు 26 గ్రాముల ఆవిరి. తెల్లవారుజామున 11 గ్రాములకే చోటు. మిగిలిన 15 గ్రాములు గొట్టపు గోడకే చెమటయై పట్టును.

ఈ చలివేకువ చెమటకు విరుగుడుగ ఎయిర్ డ్రయ్యరు అను సాధనమును నేటి ఇంజనులలో అమర్చుచున్నారు. దానిలో రెండు నిలువు పాత్రలుండును. రెంటిలోను తేమను పీల్చు గుండ్లవంటి పదార్థమును నింపెదరు. గాలి ఒక పాత్రగుండ పోవుచుండగా, రెండవ పాత్రలోని తడిసిన గుండ్లను కొంచెము ఎండుగాలిని వెనుకకు పంపి ఆరబెట్టుచుందురు. కొంతసేపటికి పాత్రలు పని మార్చుకొనును. రేడియో ప్రసారకేంద్రములలో ప్రసార యంత్రమునుండి ఏరియలునకు పోవు బోలుగొట్టములలో తేమ చేరకుండ ఎండుగాలిని నింపి యుంచుట మాకును అలవాటైన పనియే. అచ్చట గాజుపాత్రలోని సిలికా జెల్ నీలముగ నున్నంతవరకు నిశ్చింత. గులాబిరంగునకు తిరిగినచో అది తేమతో నిండినదని హెచ్చరిక. రైలును రేడియోయు తేమవిషయమున ఒక బడిలోని విద్యార్థులే.

ఇపుడు నీటిని తమంత తాము వదలు కుళాయిలును వచ్చినవి. ఐనను ఆ మేస్త్రీ చేతితో కుళాయి త్రిప్పుట మానలేదు. ఏలయని అడిగితిమి. తనంత తాను తెరచుకొను కుళాయి నోటిలోనే తుప్పు ముద్ద అడ్డుపడినచో అది మూగదగుననియు, లోపల నీరు పెరుగుచున్నను బయటికి చెప్పదనియు ఆయన చెప్పెను. చేతితో త్రిప్పినచో వచ్చు నీటిని చూచి సంగతి తెలిసికొనవచ్చునట. నీరు మామూలుకంటె ఎక్కువైనచో చల్లార్చు గొట్టములలోనో డ్రయ్యరులోనో లోపమున్నది. నూనె ఎక్కువైనచో కంప్రెసరు రింగులు అరిగినవి. తుప్పు ఎక్కువైనచో ట్యాంకు లోపల చూడవలెను. వైద్యుడు నాడి చూచినట్లు ఆయన ఆ నీటిని చూచును.

వెస్టింగ్‌హౌస్ పేరు చరిత్రగ్రంథములలో నిలిచినది; నిలువదగినదే. కాని ఆయన కల్పించిన బ్రేకు వేల బండ్లలో, వానలో, చలిలో, ఏండ్ల తరబడి మాట వినుటకు కారణము, దినదినము ఇంజను క్రింద వంగి గాలిచెమట తుడుచు చేతులు. వాని పేర్లు ఏ గ్రంథములోను లేవు. ఈసారి సికిందరాబాదు స్టేషనులో ఇంజను దగ్గర బుస్సుమను చప్పుడు విని, పట్టాల నడుమ తడిమరక కనబడినచో, ఏదియో కారిపోవుచున్నదని భయపడకుడు. ఎవరో ఒకరు తమ పని తాము చేసిరని తెలిసికొని నిశ్చింతగ కూర్చుండుడు.